ఎల్‌ఎల్.ఎం. పరీక్షలు మారితే మనకేమిటి?

(వనస్థలిపురంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు చర్చకు పెట్టిన విషయం వినగానే మీలో కొందరికి ఆశ్చర్యం కలిగి ఉండవచ్చు. గృహహింస, భరణం, ఆస్తి హక్కు, పని స్థలాల్లో వేధింపులు - ఇన్ని సమస్యలు మన ముందుండగా, న్యాయశాస్త్రంలో పోస్టుగ్రాడ్యుయేట్ పరీక్షలు ఎట్లా జరుగుతున్నాయి, ప్రశ్నపత్రం రూపం ఎట్లా మారుతోంది అన్నది మనకెందుకు? అది చదువుకున్న కొద్దిమంది గొడవ కదా? ఇది న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు చెప్పాకే నేను ముందుకు వెళ్ళాలి.

మనం కూర్చున్న ఈ చోటు నుంచే చూద్దాం. ఇక్కణ్ణుంచి ఎల్.బి.నగర్ వైపు వెళ్తే రంగారెడ్డి జిల్లా కోర్టులున్నాయి. మీలో చాలామంది బాధిత స్త్రీలను వెంటబెట్టుకుని ఆ కోర్టు మెట్లెక్కినవాళ్ళే. ఆ చుట్టుపక్కలే ఎన్.టి.ఆర్.నగర్‌లో మహాత్మాగాంధీ లా కాలేజీ ఉంది. అక్కడ ఎల్‌ఎల్.ఎం. కూడా చెబుతారు. కోర్టుకూ కాలేజీకీ మధ్య దూరం ఎంతో లేదు. కోర్టులో మనకు ఎదురయ్యే వకీలు, పబ్లిక్ ప్రాసిక్యూటరు, మేజిస్ట్రేటు - వీళ్ళందరూ ఏదో ఒక లా కాలేజీ బెంచీ మీద కూర్చుని పాఠం విన్నవాళ్ళే. ఆ పాఠం చెప్పేవాళ్ళు ఎల్‌ఎల్.ఎం. గట్టెక్కినవాళ్ళు. అంటే, చట్టాన్ని నేర్పేవాళ్ళను ఏరే జల్లెడ ఎల్‌ఎల్.ఎం. పరీక్ష. ఆ జల్లెడ కన్నాలు ఏ ఆకారంలో ఉన్నాయన్నదాన్ని బట్టి ఎవరు కిందికి రాలతారో, ఎవరు పైన నిలుస్తారో తేలుతుంది. చట్టం అంటే సెక్షన్ నంబరా, లేక ఒక మనిషి బతుకుకు సంబంధించిన తర్కమా అన్నది కూడా అక్కడే తేలుతుంది.

న్యాయశాస్త్ర అధ్యాపకుల వల్ల స్త్రీలకు ఏం ఒరిగింది అని అడిగేవాళ్ళకు మధుర కేసు గుర్తుచేయాలి. మహారాష్ట్రలో పోలీసు స్టేషన్‌లో అత్యాచారానికి గురైన ఆదివాసీ బాలిక కేసులో సుప్రీంకోర్టు 1978లో పోలీసులను విడిచిపెట్టింది. ఆమె ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి ప్రతిఘటించలేదని వాదించింది. ఆ తీర్పును ప్రశ్నిస్తూ 1979లో ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాసినవాళ్ళు నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు - ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్. లొంగిపోవడం వేరు, సమ్మతించడం వేరు అని వాళ్ళు నిలదీశారు. ఆ లేఖ దేశమంతటా మహిళా సంఘాల ఉద్యమానికి ఊపిరైంది. 1983లో క్రిమినల్ చట్టాలకు సవరణ వచ్చింది. కస్టడీలో జరిగే అత్యాచారాల్లో, స్త్రీ తన సమ్మతి లేదని చెబితే కోర్టు అట్లాగే భావించాలన్న నిబంధన సాక్ష్య చట్టంలో చేరింది.

అదే 1978లో మన హైదరాబాదులో నల్లకుంట పోలీసు స్టేషన్‌లో రమీజాబీ మీద జరిగిన అత్యాచారం మీకందరికీ తెలుసు. విచారణ కమిషన్ పోలీసులను తప్పుపట్టినా, కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయ్యి అక్కడ వాళ్ళు నిర్దోషులుగా బయటపడ్డారు. ఈ రెండు కేసులనూ పక్కపక్కన పెట్టి విశ్లేషించమని అడిగే ప్రశ్నపత్రం ఒక రకమైన అధ్యాపకురాలిని తయారుచేస్తుంది. మధుర కేసు తీర్పు ఏ సంవత్సరంలో వచ్చింది అని నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనే ప్రశ్నపత్రం మరో రకమైన అధ్యాపకురాలిని తయారుచేస్తుంది. మన ప్రయోజనం ఇక్కడ ఉంది.

ఏమేం మారాయి

మార్పులు ఒక్కసారిగా రాలేదు. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో రకంగా వచ్చాయి.

మొదటి మెట్టు ప్రవేశం. ఉస్మానియా విశ్వవిద్యాలయం నిర్వహిస్తూ వస్తున్న పీజీఎల్‌సెట్‌లో 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. ప్రశ్నకు 45 సెకన్లు. అన్నీ కంప్యూటరు తెర మీద నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునేవే. న్యాయతత్వశాస్త్రం, రాజ్యాంగ చట్టం కలిసి 40 మార్కులు. అంతర్జాతీయ చట్టం, వాణిజ్య చట్టం, కార్మిక చట్టం, నేరాలూ టార్టులూ, మేధోసంపత్తీ ఇతర చట్టాలూ కలిసి 80 మార్కులు. వాణిజ్యానికీ మేధోసంపత్తికీ పేరు పెట్టిన భాగాలున్నాయి. పెళ్ళి, విడాకులు, భరణం, వారసత్వం - కోట్లాది స్త్రీలకు చట్టంతో ఉన్న సంబంధమంతా ఏ చట్టాల్లో ఉందో ఆ కుటుంబ చట్టాలకు మాత్రం పేరు పెట్టిన సొంత భాగం లేదు. ఏది ముఖ్యమైన చట్టం, ఏది 'ఇతర' చట్టం అన్న తీర్పు ప్రవేశ ద్వారం దగ్గరే జరిగిపోతోంది.

రెండో మెట్టు కోర్సు నిడివి. చాలాకాలం ఎల్‌ఎల్.ఎం. రెండేళ్ళ చదువు. 2013లో యూజీసీ ఏడాది కోర్సుకు మార్గదర్శకాలు ఇచ్చింది. 2021 జనవరిలో బార్ కౌన్సిల్ కొత్త నియమాలు గెజిట్‌లో వచ్చాయి. ఎల్‌ఎల్.ఎం. నాలుగు సెమిస్టర్ల రెండేళ్ళ కోర్సుగానే ఉండాలి, ఏడాది కోర్సు ఆపాలి, దేశమంతటికీ ఒకే ప్రవేశ పరీక్ష పెడతామన్నాయి. వాటిని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. 2021-22లో అమలు చేయబోమని బార్ కౌన్సిల్ కోర్టుకు చెప్పింది. ఈ తగాదా యూజీసీకీ బార్ కౌన్సిల్‌కీ మధ్య అధికార పరిధి తగాదాగానే పత్రికల్లో కనిపించింది. పెళ్ళయిన స్త్రీకి ఏడాది సెలవు దొరకడానికీ రెండేళ్ళు దొరకడానికీ ఉన్న తేడా గురించి ఆ రెండు సంస్థలూ మాట్లాడలేదు. ఏడాది కోర్సులో సిద్ధాంత వ్యాసానికి చాలినంత సమయం ఉండదన్నది నిజం. రెండేళ్ళయితే మధ్యలో మానేయవలసి వచ్చే ఆడవాళ్ళు పెరుగుతారన్నదీ నిజమే. మధ్యలో ఆగి, మళ్ళీ వచ్చి, పూర్తిచేసిన సెమిస్టర్లు పోకుండా కొనసాగించే వీలు ఉంటే ఈ రెండు నిజాలకూ పొత్తు కుదురుతుంది.

మూడో మెట్టు పరీక్ష తర్వాతిది. లా కాలేజీలో అధ్యాపకురాలు కావాలంటే ఎల్‌ఎల్.ఎం.లో 55 శాతం మార్కులు తెచ్చుకుని సాధారణంగా నెట్ పాసు కావాలి. దళిత, ఆదివాసీ, క్రీమీలేయర్ కాని వెనుకబడిన కులాల, వికలాంగ అభ్యర్థులకు 50 శాతం. నెట్‌లో మూడో పేపరు 2011 డిసెంబరు దాకా వ్యాస రూపంలో ఉండేది. 2012 జూన్ నుంచి అదీ ఆబ్జెక్టివ్ అయింది. 2018లో మూడు పేపర్లు రెండయ్యాయి. పీహెచ్.డి. ప్రవేశాలకు కూడా నెట్ మార్కులనే వాడుకోవచ్చని 2024లో యూజీసీ ప్రకటించింది. అంటే ఎల్‌ఎల్.ఎం.లో చేరేటప్పుడూ, అధ్యాపక అర్హత పొందేటప్పుడూ, పరిశోధనకు వెళ్ళేటప్పుడూ ఒక స్త్రీ తన సొంత వాక్యంలో ఒక్క వాదన కూడా రాయనక్కరలేదు. రాయగల శక్తి ఉన్నా ఆ శక్తికి ఒక్క మార్కూ రాదు.

గుర్తులు పెట్టే పరీక్షకూ ఒక న్యాయం ఉంది

ఇంతవరకు విని, నేను పాతకాలపు వ్యాస పరీక్షలు తిరిగి రావాలంటున్నానని మీరు అనుకోవద్దు. ఆబ్జెక్టివ్ పరీక్ష వైపు కూడా బలమైన వాదన ఉంది. దాన్ని పక్కనపెడితే మనం మనకే అన్యాయం చేసుకున్నట్టు.

వ్యాస పరీక్షలో దిద్దేవాడి అభిరుచి పనిచేస్తుంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన అమ్మాయి ఇంగ్లీషు వాక్యం తడబడితే, తర్కం ఎంత గట్టిగా ఉన్నా మార్కులు తగ్గుతాయి. కంప్యూటరుకు ఆమె కులం తెలియదు, ఊరు తెలియదు, ఆడో మగో తెలియదు. ఆమె ఎవరి కూతురో అక్కర్లేదు. విశ్వవిద్యాలయాల్లో తలుపులు మూసుకుని మార్కులు వేసిన చరిత్ర తెలిసినవాళ్ళు ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేరు. మొదటి తరం చదువుకున్న దళిత స్త్రీలు ఎందరో ఈ గుర్తుల పరీక్షనే నమ్ముకుని పైకి వచ్చారు.

కానీ ఆ పరీక్షలోని నిష్పాక్షికత ఎంతవరకు? నాలుగు జవాబుల్లో ఏది 'సరైనది' అన్నది ముందే ఎవరో నిర్ణయించారు. తీర్పు తప్పని చెప్పే జవాబుకు అక్కడ చోటుండదు. 1979 నాటి ఆ నలుగురు అధ్యాపకులు ఆబ్జెక్టివ్ పరీక్షకు కూర్చుంటే, సుప్రీంకోర్టు చెప్పినదానికే గుర్తు పెట్టవలసి వచ్చేది.

మరో సంగతి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత, నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య అధినియమం అమల్లోకి వచ్చాయి. మనం ఏళ్ళ తరబడి నోటికి నేర్చుకున్న 498-ఎ ఇప్పుడు 85, 86 సెక్షన్లయింది. భరణానికి 125 కాస్తా 144 అయింది. మధుర ఉద్యమం సాధించిన 114-ఎ ఇప్పుడు కొత్త సాక్ష్య చట్టంలో 120వ సెక్షన్. నంబర్లు బట్టీపట్టి పాసైనవాళ్ళ విద్య ఒక్క రాత్రిలో పాతబడింది. ఆ సెక్షన్ ఎందుకు పుట్టిందో, ఎవరి కన్నీళ్ళలోంచి వచ్చిందో తెలిసినవాళ్ళకు నంబరు మారినా ఏమీ పోలేదు. పరీక్ష దేన్ని కొలవాలి అన్నదానికి ఇంతకన్నా మంచి రుజువు అక్కర్లేదు.

ఒకే విషయం, మూడు ప్రశ్నలు

ప్రశ్న రూపం మారితే జ్ఞానం ఎట్లా మారుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. ఆడపిల్లల ఆస్తి హక్కునే తీసుకుందాం.

మొదటి రూపం: ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే వాటా ఇచ్చిన కేంద్ర సవరణ ఏ సంవత్సరంలో వచ్చింది? జవాబు 2005. తెలిస్తే ఒక మార్కు.

రెండో రూపం: హిందూ వారసత్వ చట్టంలో స్త్రీల హక్కుల పరిణామాన్ని చర్చించుము. దీనికి గైడు పుస్తకంలో జవాబు సిద్ధంగా ఉంటుంది. పది పేజీలు నింపినవాళ్ళకు పదిహేను మార్కులు.

మూడో రూపం: నల్లగొండ జిల్లాలో ఒక ఉమ్మడి కుటుంబానికి పదెకరాల భూమి ఉంది. పెద్ద కూతురి పెళ్ళి 1983లో, చిన్న కూతురిది 1988లో జరిగింది. తండ్రి 2003లో చనిపోయాడు. ఆయన దినాలనాడు ఇద్దరు కూతుళ్ళ చేతా ఒక తెల్లకాగితం మీద సంతకాలు తీసుకున్నారు. పసుపు కుంకుమ కింద ఇవ్వవలసింది ఇచ్చేశాం, భూమి మేం నోటిమాటగా పంచుకున్నాం అని అన్నదమ్ములు అంటున్నారు. 2021లో ఇద్దరూ వాటా అడిగారు. సలహా ఇవ్వండి.

ఈ మూడో ప్రశ్నకు జవాబు రాయాలంటే చాలా తెలిసి ఉండాలి. ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచే తన సవరణ ద్వారా కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది. అయితే అప్పటికే పెళ్ళయినవాళ్ళను వదిలేసింది. కాబట్టి ఆ చట్టం కింద చిన్న కూతురికి హక్కు వచ్చింది, పెద్ద కూతురికి రాలేదు. ఒకే తల్లి బిడ్డల మధ్య పెళ్ళి తేదీ గోడ కట్టింది. 2005 కేంద్ర సవరణ ఆ గోడను తీసేసింది. తండ్రి అప్పటికి బతికి ఉండాలా అన్న పేచీ వచ్చింది. ఉండాలని 2015లో ఫూలవతి కేసులో అన్న సుప్రీంకోర్టే, అక్కర్లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చింది. నోటిమాట పంపకాలను సులువుగా ఒప్పుకోకూడదని కూడా అన్నది. ఇక ఆ తెల్లకాగితం రిజిస్టరు కాలేదు. స్థిరాస్తి హక్కు వదులుకోవడానికి అది చెల్లదు. ఇద్దరికీ వాటా ఉందని వాదించవచ్చు.

ఈ జవాబులో తేదీ ఉంది, సెక్షన్ ఉంది, తీర్పు ఉంది. తండ్రి శవం లేచిన పదకొండోనాడు ఏడుస్తున్న ఆడపిల్ల ముందు కాగితం పెట్టే మన సమాజం కూడా ఉంది. మీరు రోజూ పల్లెల్లో, బస్తీల్లో చేసే పని అచ్చం ఈ మూడో ప్రశ్నే. పదేళ్ళు ఫీల్డులో పనిచేసి ఎల్‌ఎల్.ఎం.కు వచ్చిన కార్యకర్త మొదటి రెండు రూపాల్లో వెనకబడవచ్చు. మూడోదానిలో ఆమే ముందుంటుంది. అందుకే ప్రశ్న రూపం అనేది మన హక్కుల సమస్య.

ఇంటర్నల్ మార్కులు, గైడు, ఇల్లు

సెమిస్టర్ పద్ధతి వచ్చాక రాతపరీక్షతోపాటు ఇంటర్నల్ మార్కులు, సెమినారు, సిద్ధాంత వ్యాసం, మౌఖిక పరీక్ష వచ్చాయి. ఏడాది చదువును మూడు గంటల్లో తేల్చడం కన్నా ఇది మేలే. కానీ ఈ మార్కులు తెలిసిన మనిషి చేతిలో ఉంటాయి. 55 శాతం గీతకు ఇటో అటో ఉన్న విద్యార్థినికి ఆ నాలుగు మార్కులే ఉద్యోగం. ఆ అధికారం దుర్వినియోగమయ్యే అవకాశం గురించి విశ్వవిద్యాలయాల్లో గుసగుసలే తప్ప బహిరంగ చర్చ తక్కువ. యూజీసీ 2015 నిబంధనల్లో ఒక మంచి మాట ఉంది. లైంగిక వేధింపుల ఫిర్యాదు వచ్చినప్పుడు, ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి ఫిర్యాదుదారు పరీక్షలను, పనిని మూల్యాంకనం చేయకుండా తప్పించవచ్చు. ఈ సంగతి ఎంతమంది విద్యార్థినులకు తెలుసు? మన కరపత్రాల్లో ఇది మొదటి పేజీలో ఉండాలి.

2020లో కరోనా సమయంలో పరీక్షలు మళ్ళీ రూపం మార్చుకున్నాయి. చివరి సంవత్సరం పరీక్షలు పెట్టాల్సిందేనని ఆ ఆగస్టు 28న సుప్రీంకోర్టు చెప్పింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఇంటినుంచే పుస్తకాలు చూసి రాసే పరీక్ష పెట్టింది. పుస్తకం చూసి రాయడం జ్ఞాపకశక్తిని కాక ఆలోచనను పరీక్షిస్తుంది కాబట్టి సూత్రప్రాయంగా అది మంచి పద్ధతి. కానీ ఎవరి ఇల్లు? రెండు గదుల ఇంట్లో, పిల్లల మధ్య, అత్తమామలకు భోజనం వేళ మించకుండా చూసుకుంటూ, ఇంటికంతటికీ ఒకే ఒక్క ఫోనుతో రాసే పరీక్ష మగవాళ్ళు రాసే పరీక్షతో సమానం కాదు. చాలామంది ఆడవాళ్ళకు పరీక్ష హాలే ఎవరూ పిలవని మూడు గంటలు ఇచ్చే చోటు. పుస్తకం చూసి రాసే పరీక్ష కావాలి, అది హాలులో జరగాలి.

2024 జూన్ 18న 9 లక్షల మందికి పైగా రాసిన నెట్ పరీక్షను మర్నాడే రద్దు చేశారు. రద్దు అన్నది ఒక్క ముక్క. ఆడవాళ్ళకు దాని అర్థం రెండోసారి సెలవు, రెండోసారి బస్సు ఖర్చు, రెండోసారి పసిబిడ్డను ఎవరికో అప్పగించి రావడం.

భాష

ఎల్‌ఎల్.బి. ప్రవేశ పరీక్ష తెలుగులో కూడా ఉంటుంది. ఎల్‌ఎల్.ఎం. మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషే. చట్టం ఇంగ్లీషులో తప్ప ఇమడదని వాదించేవాళ్ళకు ఉస్మానియా చరిత్రే సమాధానం. 1918లో మొదలైన ఈ విశ్వవిద్యాలయం దశాబ్దాలపాటు ఉన్నత విద్యను, న్యాయశాస్త్రంతో సహా, ఉర్దూలో బోధించింది. అందుకోసం ఒక అనువాద సంస్థనే నడిపింది. కోర్టులో సాక్షి తెలుగులో చెబుతుంది. ఆమె చెప్పింది ఇంగ్లీషులోకి మారేటప్పుడు ఎంత జారిపోతుందో మీరందరూ చూసే ఉంటారు. ఆ జారిపోయేదాన్ని పట్టుకోగల అధ్యాపకులు మనకు కావాలి. ఇంగ్లీషు వద్దనడం లేదు. జవాబు తెలుగులోనో ఉర్దూలోనో రాసుకునే అవకాశం ఉండాలంటున్నాను.

మనం ఏం అడగాలి

కార్నీలియా సొరాబ్జీ 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్ర పరీక్ష రాసి పాసైంది. డిగ్రీ మాత్రం 1922లో ఇచ్చారు, ముప్పై ఏళ్ళ తర్వాత. మన దేశంలో స్త్రీలు వకీళ్ళు కావడానికి అడ్డు తొలగించిన చట్టం 1923లో వచ్చింది. అప్పుడు మనల్ని ఆపిన తలుపు కంటికి కనిపించేది. ఇప్పటి తలుపు మార్కుల పద్ధతిలో, ప్రశ్న వాక్యంలో, సమయపట్టికలో ఉంది. కనిపించదు కాబట్టి నిరసన కూడా లేదు.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. పరీక్షల రూపం మార్చే ముందు విద్యార్థినులతో, మహిళా సంఘాలతో బహిరంగంగా సంప్రదించాలి. రాతపరీక్షలో కనీసం సగం మార్కులు జీవితంలోంచి తీసుకున్న సమస్యలను విశ్లేషించే ప్రశ్నలకు ఉండాలి. జవాబు పత్రాల మీద పేరు కాక కోడు ఉండాలి, ఇద్దరు దిద్దాలి. గుర్తుల పరీక్ష ఇచ్చే రక్షణ అప్పుడు వ్యాస పరీక్షకూ వస్తుంది. ఇంటర్నల్ మార్కులు కారణాలతో సహా విద్యార్థికి చూపించాలి. కుటుంబ చట్టాలకు ప్రవేశ పరీక్షలో సొంత భాగం ఉండాలి. ప్రసవం, పాలిచ్చే బిడ్డ ఉన్నవాళ్ళకు సెమిస్టరు వాయిదా వేసుకునే హక్కు ఉండాలి.

ఇవన్నీ సాధించడానికి కాలం పడుతుంది. ఈలోగా చేయగలిగింది ఒకటుంది. విద్యార్థి తన దిద్దిన జవాబు పత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద చూడవచ్చని 2011లో ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మార్కులు అన్యాయంగా తగ్గాయనుకునే అమ్మాయిలు మీ దగ్గరికి వస్తే ఓదార్చి పంపకండి. కూర్చోబెట్టి దరఖాస్తు రాయించండి. ఒక్కో జవాబు పత్రం బయటికి వచ్చినప్పుడు, మన చట్టాన్ని ఎవరు ఎట్లా దిద్దుతున్నారో మనకు తెలుస్తుంది. అది తెలిశాక అడగవలసిన ప్రశ్నలు మనవే. వాటికి జవాబు రాయవలసింది విశ్వవిద్యాలయాలు.